ట్యాబ్ కొనే ముందు ఒక వారం

మీ భుజం మీద ల్యాప్‌టాప్ బ్యాగు రోజురోజుకూ బరువెక్కుతోందా? బెంగళూరు కాడుగోడి మెట్రో స్టేషన్‌లో మీ పక్కనే ఎవరో సన్నటి ట్యాబ్‌ను నోటుపుస్తకంలా పట్టుకుని ఎక్కుతుంటే "నాకీ మోత అవసరమా" అనిపిస్తోందా? ఈ ఆలోచన మీకొక్కరికే రాలేదు. 2023 మార్చిలో కేఆర్ పురం నుంచి ఇక్కడిదాకా మెట్రో వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 9న మధ్యలో మిగిలిన ముక్క కూడా కలిసి, చల్లఘట్ట వరకూ రైలు మారకుండా వెళ్ళే వీలు దొరికింది. కాడుగోడి లైను చివరి స్టేషన్ కాబట్టి పొద్దున ఎక్కేవాళ్ళకు సీటు దొరుకుతుంది. మెజెస్టిక్ చేరేలోపు ముప్పావు గంటకు పైనే సమయం ఉంటుంది. ఆ సమయంలో ఒళ్ళో ఏదో ఒకటి తెరిచి పని కానిద్దామనుకోవడం మంచి ఆలోచనే.

అయితే ఆ "ఏదో ఒకటి" పెద్ద ట్యాబ్ కావచ్చా? దాన్ని కొంటే ల్యాప్‌టాప్‌ను పూర్తిగా పక్కన పెట్టేయొచ్చా?

చాలామంది దీనికి జవాబును రోజూ చేసే పనుల్లో వెతుకుతారు. మెయిళ్ళు చూస్తాం, మీటింగుల్లో కూర్చుంటాం, పీడీఎఫ్‌లు చదువుతాం, నాలుగు మెసేజ్‌లు పంపిస్తాం. ఇవన్నీ ట్యాబ్‌లో అవుతాయి కాబట్టి సరిపోతుందనుకుని డబ్బు కట్టేస్తారు. తర్వాత నెలాఖరులో ఒక రాత్రి ఒక్క పని దగ్గర మొత్తం ఆగిపోతుంది. అందుకే ఈ అధ్యాయమంతా ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది: మీరు తరచూ చేసే పనిని కాదు, ఎప్పుడో ఒకసారే వచ్చినా తప్పించుకోలేని పనిని చూసి నిర్ణయం తీసుకోండి.

1. వారం పాటు రాసి పెట్టండి

ఒక చిన్న నోటుపుస్తకం చాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ల్యాప్‌టాప్ తెరిచిన ప్రతిసారీ ఏ పనికి తెరిచారో ఒక ముక్కలో రాయండి. "మెయిల్", "టీమ్స్ కాల్", "ఎక్సెల్‌లో జీతాల షీటు", "క్లయింట్ సర్వర్‌లోకి లాగిన్", "ప్రింట్". వాడిన సాఫ్ట్‌వేర్ పేరు పక్కనే రాయండి. పెన్‌డ్రైవ్, ప్రింటర్, రెండో మానిటర్, డిజిటల్ సంతకం టోకెన్ లాంటివి ఏవైనా తగిలించి ఉంటే అదీ రాయండి.

శుక్రవారం సాయంత్రం ఆ జాబితా కింద ఒక గీత గీసి, ఈ వారంలో రాని పనులను గుర్తు తెచ్చుకుని రాయండి. నెలాఖరు పని ఏమిటి? మూడు నెలలకోసారి వచ్చేది? ఆడిట్‌కు ముందు వచ్చేది? ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోయి రాత్రి రెండింటికి ఫోను మోగితే మీరు తెరవాల్సింది ఏమిటి? మీకు అసలైన జవాబు గీతకు కింద ఉన్న ఈ భాగంలోనే దొరుకుతుంది.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. హోప్‌ఫార్మ్ దగ్గర ఉంటూ హిందూపురం, అనంతపురం వ్యాపారుల లెక్కలు చూసే ఒక అకౌంటెంటు ఉన్నాడనుకుందాం. వారమంతా అతను చేసేది వాట్సాప్‌లో వచ్చిన బిల్లులు చూడటం, బ్యాంకు స్టేట్‌మెంట్లు చదవడం, ఫోన్లో మాట్లాడటం. ట్యాబ్‌కు పది మార్కులు వేసేస్తాడు. కానీ అతని క్లయింట్లలో ఒకటి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. కంపెనీల జీఎస్టీ రిటర్నులకు డిజిటల్ సంతకం తప్పనిసరి. ఆ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. ఆ టోకెన్ పనిచేయాలంటే కంప్యూటర్‌లో డ్రైవరు, సంతకం చేయించే సాఫ్ట్‌వేరు రెండూ ఉండాలి. ఐప్యాడ్‌లోనూ ఆండ్రాయిడ్ ట్యాబ్‌లోనూ ఆ పని ముందుకు సాగదు. నెలలో పది నిమిషాల పనే కావచ్చు. కానీ అది కాకపోతే లేట్ ఫీజు పడుతుంది, క్లయింట్ నమ్మకం పోతుంది.

2. చూసే పని, చేసే పని విడదీయండి

2021 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఎర్రటి గుడ్డ సంచీలో ట్యాబ్ పెట్టుకుని పార్లమెంటుకు వచ్చి, బడ్జెట్ ప్రసంగాన్ని దాంట్లోంచే చదివారు. కాగితం కట్టల కన్నా అది ఎంతో నయం. అయితే ఆ ప్రసంగం వెనకున్న అంకెలను కూడి, తీసి, సరిచూసిన పనంతా పెద్ద పెద్ద షీట్లు తెరిచిన కంప్యూటర్ల మీద జరిగేదే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ళ ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. వాటి ఉద్దేశం కూడా పాఠం చూడటం, వినడం, అభ్యాసం చేయడం.

మీ జాబితాలో ప్రతి పని పక్కనా "చూ" అనో "చే" అనో గుర్తు పెట్టండి. చదవడం, గుర్తులు పెట్టడం, ఎదుటివాళ్ళకు చూపించడం, అనుమతి ఇవ్వడం, సంతకం గీయడం, మాట్లాడటం "చూ" కిందికి వస్తాయి. ఈ పనుల్లో పెద్ద ట్యాబ్ చాలాసార్లు ల్యాప్‌టాప్‌ను మించిపోతుంది. మూడు నాలుగు చోట్ల నుంచి సమాచారం లాక్కొచ్చి ఒక కొత్త వస్తువు తయారు చేయడం "చే" కిందికి వస్తుంది. పది జాగాలు తెరిచి ఉంచి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అతికించే పని ఎంత ఎక్కువైతే ట్యాబ్ మీద విసుగు అంత పెరుగుతుంది.

"చూ"లే ఎక్కువ వచ్చాయా? ముందుకు వెళ్దాం. "చే"లే నిండిపోయాయా? అయినా చదవండి, రెండో పరికరంగానైనా ట్యాబ్ మీకు పనికిరావచ్చు.

3. మీ వృత్తిలో పని ఎక్కడ ఆగుతుందో కనిపెట్టండి

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. ఈ మెట్టులో ట్యాబ్ అంటే ఐప్యాడ్, ఆండ్రాయిడ్ ట్యాబ్‌లే; విండోస్ ట్యాబ్‌ల సంగతి ఆరో మెట్టులో చూద్దాం.

మీరు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళా? ఐటీపీఎల్ టెక్ పార్కు చుట్టూ ఉన్న తెలుగువాళ్ళలో చాలామంది అదే కదా. ఆండ్రాయిడ్ స్టూడియో ట్యాబ్ మీద నడవదు. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్‌ను ఆపిల్ తన సొంత ఐప్యాడ్‌కే ఇవ్వలేదు. డాకర్ కంటైనర్లు ఐప్యాడ్‌లో నడపలేరు. బ్రౌజర్‌లో తెరుచుకునే వీఎస్ కోడ్, గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ లాంటివి ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. అయితే అక్కడ కోడు నడిచేది ఎక్కడో ఉన్న సర్వర్ మీద. నెట్ ఉన్నంతసేపే మీ చేతిలో కంప్యూటర్ ఉన్నట్టు. శుక్రవారం రాత్రి విజయవాడ బస్సులో, సిగ్నల్ వచ్చీ పోయీ ఉండే దారిలో, ఆ పద్ధతి మీద ఆధారపడగలరా? కోడు రివ్యూ చేయడానికి, డిజైన్ బొమ్మలు గీసి టీముకు వివరించడానికి మాత్రం ట్యాబ్ చక్కగా పనికొస్తుంది.

ఎక్సెల్ మీద బతికేవాళ్ళా? ఐప్యాడ్ ఎక్సెల్‌లో వీబీఏ మాక్రోలు నడవవు, పవర్ పివట్ లేదు. మీ ముందున్నవాళ్ళు ఎప్పుడో రాసిపెట్టిన మాక్రో బటన్ నొక్కితేనే నెల రిపోర్టు వచ్చే ఆఫీసులు బోలెడు. మీదీ అలాంటిదేనా, ఒకసారి చూసుకోండి. ఇంకో సంగతి చాలామందికి కొన్నాకే తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ యాప్‌లలో ఉచితంగా మార్పులు చేసుకునే వీలు 10.1 అంగుళాల లోపు తెరలకే ఉంది. అంతకు మించిన తెరపై ఫైలు చూడొచ్చు, మార్చాలంటే మైక్రోసాఫ్ట్ 365 చందా ఉండాలి. పెద్ద ట్యాబ్ కొనేవాళ్ళు ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. కంపెనీ ఖాతా ఉంటే ఇబ్బంది లేదు.

టాలీప్రైమ్ విండోస్ సాఫ్ట్‌వేర్. దూరంగా ఉన్న విండోస్ కంప్యూటర్‌లోకి ట్యాబ్ నుంచి లాగిన్ అయి వాడొచ్చు గానీ, రోజుకు రెండు వందల వోచర్లు కొట్టాల్సిన మనిషికి నేను ఆ సలహా ఇవ్వను.

తెలుగు పుస్తకాల పనిలో ఉన్నారా? డీటీపీలో ఇంకా చాలాచోట్ల పేజ్‌మేకర్, అను ఫాంట్లే నడుస్తున్నాయి. రెండూ విండోస్ మీదే. కొత్తగా ఇన్‌డిజైన్‌కు మారినవాళ్ళకూ ట్యాబ్‌లో అది దొరకదు. పేజీలు కట్టే మనిషికి ట్యాబ్ ఒక్కటే చాలదని నిస్సందేహంగా చెప్పొచ్చు. ప్రూఫులు దిద్దే మనిషి సంగతి వేరు. 13 అంగుళాల తెర మీద పేజీ దాదాపు కాగితమంత కనిపిస్తుంది. పెన్నుతో ఒత్తుల దగ్గర, దీర్ఘాల దగ్గర ఎర్రగా గుర్తు పెట్టి, పీడీఎఫ్ తిరిగి పంపేయొచ్చు. ఇళ్ళ దగ్గర కూర్చుని ప్రూఫులు దిద్దే రిటైరైన మాస్టార్లకు, గృహిణులకు ఇంతకన్నా సుఖమైన పరికరం నాకు తోచదు. అక్షరాన్ని వేళ్ళతో పెద్దది చేసుకుని చూడగలగడం వయసు మీద పడ్డ కళ్ళకు ఎంత ఊరటో వాడినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంటీరియర్ డిజైనర్లు, ఆర్కిటెక్టులు, సైట్ ఇంజినీర్లు కూడా ఈ కోవలోకే వస్తారు. చన్నసంద్ర వైపు కడుతున్న ఒక ఫ్లాట్‌లో నిలబడి, గోడ ఫొటో తీసి, దాని మీదే అల్మారా ఎక్కడొస్తుందో గీసి, ఇంటావిడకు అక్కడికక్కడ చూపించగలిగితే సగం వాదన తగ్గుతుంది. తుది డ్రాయింగు మాత్రం ఆఫీసులోని కంప్యూటర్ మీదే తయారవుతుంది. వీడియో ఎడిటర్లకు 2023 మే నుంచి ఐప్యాడ్‌లో ఫైనల్ కట్ ప్రో ఉంది. చిన్న వీడియోలకు సరిపోతుంది.

రోజంతా మీటింగులు, అనుమతులు, ప్రెజెంటేషన్లతో గడిపే మేనేజర్లు ల్యాప్‌టాప్ వదిలేయగలిగేవాళ్ళలో ముందుంటారు. మీరు ఆ స్థాయిలో ఉంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

4. ఆఫీసు ఒప్పుకుంటుందా?

ఉద్యోగంలో ఉంటే మీ ల్యాప్‌టాప్ చాలావరకు మీది కాదు, కంపెనీది. దీన్ని మర్చిపోయి సొంత డబ్బుతో ట్యాబ్ కొనేవాళ్ళు ఎందరో. కొనేముందు ఐటీ హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ పెట్టి మూడు సంగతులు అడగండి. సొంత ట్యాబ్ నుంచి కంపెనీ వీపీఎన్‌లోకి రానిస్తారా? వర్చువల్ డెస్క్‌టాప్ ఉందా, ఉంటే ట్యాబ్ నుంచి తెరుచుకుంటుందా? సొంత పరికరాన్ని నమోదు చేయాలంటే దాని మీద కంపెనీకి ఏ అధికారాలు వస్తాయి? నమోదైన పరికరంలోని కంపెనీ సమాచారాన్ని వాళ్ళు దూరం నుంచే తుడిచేయగలరు. పిల్లల ఫొటోలు కూడా అదే ట్యాబ్‌లో పెట్టుకోవాలనుకుంటే ఈ మూడో ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

బ్యాంకుల, బీమా సంస్థల ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్ళకు చాలావరకు "వీలుకాదు" అనే వస్తుంది. అది ముందే తెలిస్తే మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

5. ధర, బరువు రెండూ మొత్తంగా కూడండి

షోరూములో చెప్పే ధర ఒట్టి పలకది. 2024 మేలో ఎం4 చిప్‌తో వచ్చిన 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో మన దగ్గర రూ.1,29,900 దగ్గర మొదలైంది. మ్యాజిక్ కీబోర్డు రూ.33,900, పెన్సిల్ ప్రో రూ.11,900. మూడూ కలిపితే రూ.1,75,700. 2025 మార్చిలో వచ్చిన 13 అంగుళాల ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ రూ.99,900కే మొదలైంది, కీబోర్డు, ట్రాక్‌ప్యాడ్ అందులోనే ఉన్నాయి. ధరలు ఎప్పటికప్పుడు మారతాయి, ఆఫర్లు వస్తాయి. కానీ మీరు కూడాల్సిన అంకె ఎప్పుడూ ఆ మూడింటి మొత్తమే.

బరువు విషయంలోనూ ఇంతే. ఆ ఐప్యాడ్ ఒక్కటే 579 గ్రాములు. చేతిలోకి తీసుకోగానే మనసు కరిగిపోతుంది. కీబోర్డు కేసు తగిలించగానే ఆ జత మ్యాక్‌బుక్ ఎయిర్ బరువైన 1.24 కిలోలకు దగ్గరగా వచ్చేస్తుంది. మీ కోరిక బరువు తగ్గించుకోవడమే అయితే, తేలికపాటి ల్యాప్‌టాప్ కొనడమే సరైన జవాబు కావచ్చు. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు కాబట్టి నేను గట్టిగా చెబుతున్నాను.

ఒళ్ళో పెట్టుకుని టైపు చేసే మాటేమిటి? వెనక కాలు మడత విప్పి నిలబెట్టే సర్ఫేస్ ప్రో, గెలాక్సీ ట్యాబ్ లాంటివాటికి తొడల మీద చాలా జాగా కావాలి. పొట్టిగా ఉన్నవాళ్ళకు మెట్రో సీటులో అది ఇబ్బందే. దుకాణంలో ఎత్తైన బల్ల మీద కాకుండా ఒక కుర్చీ అడిగి, కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని నాలుగు వాక్యాలు టైపు చేసి చూడండి. ఎవరూ కాదనరు.

6. తెర సైజు చూసి మోసపోకండి

పెద్ద తెర ఉన్నంత మాత్రాన అది కంప్యూటర్ అయిపోదు. దాని లోపలి ఆపరేటింగ్ సిస్టమే అసలు విషయం. మైక్రోసాఫ్ట్ ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 2012లో తెచ్చిన సర్ఫేస్ ఆర్టీ చూడటానికి విండోస్ లాగే ఉండేది, కానీ జనం వాడే పాత విండోస్ ప్రోగ్రాములు దాంట్లో ఎక్కేవి కావు. 2013 జులైలో ఆ కంపెనీ దాని తాలూకు 90 కోట్ల డాలర్లను నష్టం కింద రాసుకుంది. మరుసటి ఏడాది వచ్చిన 12 అంగుళాల సర్ఫేస్ ప్రో 3లో పూర్తి విండోస్ ఉంది కాబట్టే ల్యాప్‌టాప్‌కు బదులుగా నిలబడగలిగింది.

ఈరోజుకీ అదే తేడా. టోకెన్లు, టాలీ, మాక్రోలు తప్పవనుకుంటే పూర్తి విండోస్ ఉన్న ట్యాబ్ వైపే వెళ్ళండి. అందులోనూ స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చేవాటిలో పాత ప్రింటర్ల, టోకెన్ల డ్రైవర్లు ఎక్కకపోవచ్చు. మీ పరికరం పేరు చెప్పి, ఆ చిప్‌కు సరిపడే డ్రైవరు ఉందో లేదో తయారీదారు సైట్‌లో చూశాకే కొనండి.

ఐప్యాడ్ కూడా మారుతూ వచ్చింది. 2015 నవంబరులో మొదటి పెద్ద ఐప్యాడ్ ప్రో అమ్మకానికి వచ్చినప్పుడు దానికి మౌస్ తగిలించే దారే లేదు. మౌస్, ట్రాక్‌ప్యాడ్ పూర్తిగా పనిచేయడం 2020 మార్చి నుంచి. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26తో యాప్ విండోలను ఇష్టమొచ్చిన సైజులో పరుచుకునే వీలు, పైన మెనూ పట్టీ వచ్చాయి. నాలుగేళ్ళ కిందట ప్రయత్నించి వదిలేసినవాళ్ళు మళ్ళీ ఒకసారి చూడటం న్యాయం. శామ్‌సంగ్ 2022 నుంచి 14.6 అంగుళాల అల్ట్రా ట్యాబ్‌లు తెస్తోంది. పెన్ను పెట్టెలోనే ఇస్తుంది, డెక్స్ అనే పద్ధతిలో తెర కంప్యూటర్‌లా మారుతుంది.

ఇంట్లో పిల్లలతో పంచుకోవాల్సి వస్తే ఒక సంగతి: ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో ఒక్కొక్కరికీ వేరే ఖాతా పెట్టొచ్చు, ఐప్యాడ్‌లో ఇళ్ళలో వాడేవాళ్ళకు ఆ సౌకర్యం లేదు.

7. అరువు తెచ్చి, కష్టమైన పనితో పరీక్షించండి

"బావా, నీ ట్యాబ్ రెండు రోజులు ఇస్తావా?" అని అడగడానికి మొహమాటపడకండి. లక్షన్నర ఖర్చు ముందు ఆ మొహమాటం ఎంత?

తెచ్చుకున్నాక చాలామంది చేసే పొరపాటు దాంట్లో సినిమా చూడటం. తెర అద్భుతంగా ఉంటుంది, మనసు అక్కడే పడిపోతుంది. మీరు మాత్రం మొదటి మెట్టులో గీత కింద రాసుకున్న పనుల్లో అన్నిటికన్నా మొండిదాన్ని ముందు పెట్టుకోండి. ఆ మాక్రో షీటు తెరవండి. టీమ్స్ కాల్‌లో మీ తెర చూపిస్తూ పక్కనే నోట్సు రాయండి. పెద్ద ఫైలు అప్‌లోడ్‌కు పెట్టి, వేరే యాప్‌లోకి వెళ్ళి, తిరిగొచ్చి చూడండి, ఆగిపోయిందా నడుస్తోందా? ఆఫీసు మానిటర్ తగిలించండి. ఐప్యాడ్‌కు ఉన్నది ఒకే యూఎస్‌బీ-సీ రంధ్రం కాబట్టి ఛార్జరు, మానిటరు, పెన్‌డ్రైవ్ ఒకేసారి కావాలంటే హబ్ కొనాలి. తెలుగులో టైపు చేసే పని ఉంటే తెర మీది కీబోర్డుతోనే కాకుండా, మీరు కొనబోయే కీబోర్డుతో ఒక పేజీ కొట్టి చూడండి.

బల్ల మీద రోజంతా వంగి చూస్తే మెడ పట్టేస్తుంది, ఆ సంగతి రెండో రోజు సాయంత్రానికి మీకే తెలిసిపోతుంది. స్టాండు మీద ట్యాబ్‌ను కళ్ళ ఎత్తుకు లేపి, కీబోర్డు విడిగా పెట్టుకోవడం దీనికి మందు.

8. పాత ల్యాప్‌టాప్‌ను అప్పుడే అమ్మేయకండి

అన్ని పరీక్షలూ దాటి ట్యాబ్ కొన్నారా? సంతోషం. ఇక పాతదాన్ని ఎస్‌పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో ఇచ్చేసి వచ్చినంత తెచ్చుకుందామని తొందరపడకండి. మూడు నెలలు, అంటే ఒక క్వార్టర్ ముగింపు గడిచేదాకా ఉంచండి. అరుదుగా వచ్చే పనులు చాలావరకు ఆ లోపు ఒక చుట్టు చుట్టివస్తాయి.

సొంత ల్యాప్‌టాప్ అయితే ఇంకా మంచి ఉపయోగం ఉంది. ఇంట్లో ఒక మూల ఛార్జరుకు తగిలించి ఉంచి, రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే, ట్యాబ్ నుంచి ఎక్కడున్నా దాంట్లోకి వెళ్ళొచ్చు. విండోస్‌లోని రిమోట్ డెస్క్‌టాప్‌తో బయటి నుంచి లాగిన్ అయ్యే వీలు ప్రో లాంటి ఎడిషన్లలోనే దొరుకుతుంది. హోమ్ ఎడిషన్ ఉన్నవాళ్ళు క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ వాడొచ్చు. మూత వేసినా నిద్రపోకుండా పవర్ సెట్టింగులు మార్చండి. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ వైఫై రూటర్ ఆగిపోతుంది, కాబట్టి రూటర్‌కు ఒక చిన్న యూపీఎస్ పెట్టండి. ఊరికి బయల్దేరే ముందు ట్యాబ్‌లో ఇంటి వైఫై కట్టేసి, ఫోను హాట్‌స్పాట్ మీద ఒకసారి లాగిన్ అయి చూసుకోండి. ఏదైనా మొరాయిస్తే ఇంట్లో ఎవరికి ఫోను చేసి రీస్టార్ట్ చేయమనాలో వాళ్ళకు ఆ బటన్ ఎక్కడుందో ముందే చూపించండి.